తుప్పయ్య చెయ్యి

చెక్కని నున్నగా చిత్రిక పట్టే మిషన్ దగ్గర పనిచేసే మనిషిని ఆ వడ్రంగి షెడ్డులో అందరూ తుప్పయ్య అంటారు. ఆయన చెమటలో ఏ ఉప్పుందో గానీ, మిషన్ ఇనుప బల్ల మీద అరచెయ్యి ఆనిస్తే తెల్లారేసరికి అక్కడ అయిదు వేళ్లూ ఎర్రటి తుప్పుగా తేలతాయి. ఇరవై ఆరేళ్లుగా పొద్దున్నే నడుం పట్టుకుని వంగి, నిన్నటి తన చేతిని తనే ఎమరీ కాగితంతో రుద్ది చెరుపుకుంటున్నాడు. ఇక వంగే ఓపిక లేక, బల్లకి ఏదైనా మైనం రాద్దామనుకున్నాడు. కారు పాలిష్ తెస్తే వార్నిష్ వేసే ఆవిడ చేతులు జోడించింది. "అన్నా, నీకు పుణ్యముంటుంది. అది చెక్కకంటితే నా వార్నిష్ పట్టదు, గుంటలు గుంటలుగా విడిపోతుంది."

దాంతో వార్నిష్‌కి అడ్డురాని మైనాలు మూడు రకాలు తెచ్చి, బల్ల మీద మూడు చోట్ల రాసి, మూడింటి మీదా చెయ్యి గట్టిగా ఒత్తి ఇంటికెళ్లాడు. మర్నాడు చూస్తే ఎక్కడా మచ్చ లేదు. "మూడూ మంచివే, ఏదో ఒకటి రాసెయ్యి" అందావిడ. ఆయన స్టూలు మీద కూలబడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"మైనం మంచిదో, నా చెయ్యే ఎండిపోయిందో ఎలా తెలుస్తుందమ్మా?"

ఆ సాయంత్రం ఏమీ రాయని మూలలో చెయ్యి ఆనించి వెళ్లాడు. పొద్దున వచ్చేసరికి అక్కడ అయిదు వేళ్లూ ఎర్రగా ఉన్నాయి. తుప్పయ్య ఒక్కో వేలి గుర్తు మీదా తన వేలు ఆనించి చూసుకున్నాడు. తర్వాత ఆ మూడింట్లో మూత తేలిగ్గా వచ్చే డబ్బా ఎంచుకుని బల్లంతా మైనం రాశాడు, ఆ మూల తప్ప.