మూడో బెంచీ దగ్గర నేనన్న మాట

ఇరవై ఏళ్లు దాటింది. ఈ బరువు దించమని నా భార్యను కూడా అడగలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కాబట్టి. అందులోనూ నా పిరికితనమే ఉంది, చూశారా?

తొంభైల చివరి సంగతి. బెంగుళూరులో మా వీధి చివర ఒక చిన్న పార్కు. బొమ్మసంద్ర ఫ్యాక్టరీ బస్సు ఎక్కేముందు రోజూ అందులో పది రౌండ్లు నడిచేవాణ్ణి. పొట్ట లేదు, బీపీ లేదు. అదంతా నేను కష్టపడి సంపాదించుకున్న గొప్పతనమని, జబ్బుపడ్డవాళ్లంతా ఒళ్లు వంచని సోమరులని నా నమ్మకం. ఎంత నీచమైన గర్వమో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా? తెలుసేమో.

మా వీధిలోనే మగ్గం నేసే హనుమంతప్పకు పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది. రోజూ నడవాలని, నడిస్తేనే కాలు దారికి వస్తుందని ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఆవిడ చెప్పిందట. భార్య నాగరత్నమ్మ ఆయన్ని పార్కుకు తెచ్చేది. జారిపోకుండా ఎడమ చెప్పును గుడ్డపేలికతో పాదానికి కట్టేది. మొదటి వారం ఆయన గేటు నుంచి మొదటి బెంచీ దాకా వచ్చి కూలబడ్డాడు. రెండు నెలలకు మూడో బెంచీ దాకా వచ్చాడు. నాకెలా తెలుసు? ఆయన్ని చూస్తే నాకు రోత కాబట్టి. ఈడ్చే కాలు, నోటి మూల నుంచి కారే చొంగ, నా దారికి అడ్డం. రోత పుట్టించేవాటినే మనిషి శ్రద్ధగా చూస్తాడు.

ఒక ఉదయం మూడో బెంచీ దగ్గర నన్ను ఆపాడు. నాగరత్నమ్మ దూరంగా కొళాయి దగ్గర సీసా నింపుతోంది.

"ఇంకో నెలకు నీ యెంబడి ఒక రౌండు కొడతానప్పా" అన్నాడు, మాటలు కూడదీసుకుంటూ.

నాతో సమానంగా ఈయనా? నాకు ఒళ్లు మండింది.

"ఎందుకన్నా ఈ అవస్థ? ఇంట్లోనే చేసుకోరాదా? చూసేకి బాగలేదని అందరూ అంటా ఉండారు."

"అందరూనా?"

"అందరూ."

ఆయన తల ఊపాడు. కోపం లేదు. తప్పు తనదే అయినట్టు సిగ్గుపడ్డాడు. మర్నాటి నుంచి రాలేదు.

నెల తరువాత నాగరత్నమ్మ వీధిలో నన్ను అడిగింది. "పార్కులో ఎవురో ఏమో అన్నారంటప్పా. ఎవురంటే చెప్పడు. గడప దాటనంటాడు. నీకేమన్నా తెలుసా?"

"తెలీదక్కా" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? "కొందరు అట్లే ఉంటారు" అని ఓదార్చాను కూడా.

ఇంట్లో ఆయన నడవలేదు. మంచంలోనే కాలు బిగుసుకుపోయింది. రెండేళ్లకు మళ్లీ పక్షవాతం వచ్చి పోయాడు. పాడె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను, గట్టి భుజాలు కదా. "పార్కులో మా ఇంటాయన్ని నిలబడి మాట్లాడించింది ఈయప్ప ఒక్కడే" అని నాగరత్నమ్మ బంధువులకు చెప్పింది. నేను తల దించుకున్నాను. వాళ్లు దాన్ని దుఃఖమనుకున్నారు.

ఆయన నా పేరు ఎందుకు చెప్పలేదు? నన్ను కాపాడాడా, లేక తన నోట పలకడానికి కూడా తగని పేరనుకున్నాడా? రెండోదే నిజమైతే బాగుండుననిపిస్తుంది.

నాకేమీ కాలేదు. ఒంట్లో బాగానే ఉంది. నాగరత్నమ్మ హొసకోటెలో కూతురి దగ్గర ఉంటోంది. బస్సెక్కితే వెళ్లగలను. వెళ్లలేదు. వెళ్తానని మీకు అబద్ధం చెప్పను.

పార్కులో ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. అందరి పేరు చెప్పి అన్నది నేనొక్కడినే. రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.