నల్లకళ్లద్దాల పువ్వు

మొన్న మా అబ్బాయి ఇక్కడ గల్ఫులో, అబూ హలీఫాలోని మా ఫ్లాటుకి కొత్త కాలింగ్ బెల్లు బిగించాడు. బయట ఎవరు నిలబడ్డారో ఫోన్లో బొమ్మ చూపిస్తుంది, పదహారు రకాల పాటలు పాడుతుంది. మా గుమ్మం తొక్కేది నీళ్ల క్యాన్లవాడూ పక్కింటావిడా. వాళ్ల మొహాలు ఫోన్లో చూసి మురిసిపోవాల్సినంత అపురూపమైనవేం కావు. అయినా వాడి సరదా వాడిది. అన్నీ చూపించాక చివర్న, "ఇందులో లైటు కూడా ఉంది నాన్నా. బెల్లు నొక్కితే వెలుగుద్ది. చెవులు వినపడనోళ్ల కోసమంట" అన్నాడు. అప్పట్నుంచీ నాకు కుదురు లేదు. బెల్లు మోగితే చాలు, తలుపు దగ్గరికి వెళ్లకుండా గోడ మీది అలమారా వైపు చూస్తున్నాను. ఏం వెతుకుతున్నారని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. పువ్వుని అంటే బాగుండదని ఊరుకున్నాను.

తొంభైల్లో నేను సబ్హాన్‌లో ఒక గోడౌన్లో పనిచేసేవాణ్ణి. ఈల వేస్తే పలికే తాళాల గుత్తి, ఫ్యాను బిగించిన టోపీ, ఇలా లేకపోయినా ఎవరికీ ఏ లోటూ రాని వస్తువులన్నీ పెట్టెలకొద్దీ దిగేవి. మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, ఖైతాన్‌లో నాలుగంతస్తుల బిల్డింగుకి హారిస్. ఊడ్చేదీ, కాపలా కాసేదీ, లిఫ్టు ఆగిపోతే జనాన్ని బయటికి తీసేదీ అన్నీ ఆయనే. ఎవరికేం కావాలన్నా కింద ఆయన గది బెల్లు నొక్కేవారు. అంతకుముందు ఏళ్ల తరబడి రోడ్లు పగలగొట్టే మిషను పట్టుకున్న పుణ్యమా అని ఆయన చెవులు మెల్లగా సెలవు తీసుకున్నాయి. ఎదురుగా నిలబడితే పెదాలు చూసి నెట్టుకొచ్చేవాడు గానీ బెల్లు మాత్రం బొత్తిగా వినపడేది కాదు. ఇంకోసారి తలుపు తియ్యకపోతే ఖలాస్, ఇంటికి పంపేస్తానని కఫీలు, అంటే వీసా ఇచ్చిన బిల్డింగు యజమాని, అప్పటికే చెప్పేశాడు. వినికిడి మిషను పెట్టుకోమంటే, "అది సెవిలో కనపడిందంటే ఆరోజే టిక్కెట్టు కొంటాడ్రా అబ్బాయ్. ఆయన దగ్గర నోరిప్పావంటే నా మీదొట్టే" అన్నాడు మావయ్య.

అప్పుడే గోడౌన్లోకి ఆ పువ్వు దిగింది. ప్లాస్టిక్ కుండీలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గిటారు పట్టుకుని నిలబడి ఉంటుంది. చప్పుడైతే నడుం తిప్పుతూ ఆడుతుంది. ఒకటి తెచ్చి మావయ్య గదిలో బెల్లు కింది అలమారాలో పెట్టి, బయటికెళ్లి నొక్కాను. చటుక్కున తలుపు తెరుచుకుంది. "సెవిటోడి ముందు శంఖం ఊదితే లాభం లేదంటారు గానీ, పువ్వు ఊగితే ఉందిరోయ్" అని ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తే. అయితే అది మసీదులో బాంగుకీ ఆడేది, వీధిలో లారీ హారనుకీ ఆడేది. వారం తిరిగేసరికి ఏ ఆట దేనిదో మావయ్య పట్టేశాడు. కానీ దాని మీంచి చూపు తిప్పితే ప్రమాదం. కూర కలుపుతూ మెడ తిప్పేవాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ మెడ తిప్పేవాడు. ఆయన్ని చూస్తుంటే నాకూ కూర్చోబుద్ధయ్యేది కాదు.

ఒక శుక్రవారం నేను అక్కడుండగానే కఫీలు నాలుగేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. బెల్లు నొక్కగానే మావయ్య తలుపు తీశాడు. కఫీలు మెచ్చుకున్నాడు. పిల్లాడు పువ్వుని చూసి చప్పట్లు కొట్టాడు, అది ఆడింది, వాడు దాన్ని గుండెలకి హత్తుకుని ఇంటికి తీసుకెళ్తానన్నాడు. మావయ్య నా వైపు చూశాడు. ఇద్దరిలో అరబీ వచ్చింది నాకే. ఒట్టు గుర్తొచ్చిందని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి పెద్దమనిషి ముందు నోరు పెగల్లేదు. పైగా బ్యాటరీలు ఎలా మార్చాలో ఆ పిల్లాడికి నవ్వుతూ చూపించింది కూడా నేనే.

మర్నాడు గోడౌనంతా గాలించాను. పువ్వులు అయిపోయాయి, వాటి బదులు నొక్కితే నవ్వే కోతులు దిగాయి. మావయ్య తలుపుకి వీపు ఆనించి కూర్చోవడం మొదలుపెట్టాడు, ఎవరైనా తడితే వీపుకి తెలుస్తుందని. నాలుగో రోజున మూడో అంతస్తు ఆవిడ కూతురు లిఫ్టులో ఇరుక్కుంది. ఆవిడ కిందికొచ్చి బెల్లు నొక్కుతూనే ఉంది గానీ తలుపు తట్టలేదు. చెక్కకి ఇవతల ఆవిడ, అవతల మావయ్య. పిల్లని వేరేవాళ్లు క్షేమంగా బయటికి తీశారు. మావయ్య ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, ఆ వారమే రద్దయింది. ఎయిర్‌పోర్టులో ఆయన, "ఆ పిల్లోడికి పువ్వు భలే నచ్చిందిరా" అన్నాడంతే.

మావయ్య పోయి ఎనిమిదేళ్లయింది. మొన్న లైటు సంగతి విన్నాక లెక్కేసుకున్నాను. ఆ బెల్లు తీగకి చిన్న బల్బు కలిపితే సరిపోయేది. ఆ పని చేయగల ఎలక్ట్రీషియన్ మా గదిలోనే, నా పక్క మంచం మీదే పడుకునేవాడు. బల్బులు మా వీధి చివర కొట్లో దొరికేవి. తలుపు తడితే మావయ్యకి వీపుకైనా తెలిసేది. నాకీ సంగతి తట్టడానికి పాతికేళ్లు పట్టింది.