జెర్రి సెంటు

మొన్న ఆదివారం చర్చికి బయలుదేరుతుంటే మా మనవరాలు గదిలోంచి పరుగున వచ్చి, కొత్తగా తెప్పించుకున్న సెంటు సీసాతో నా మణికట్టు మీద పుస్సుమని కొట్టి, ఎట్లుందో చెప్పమని ఎదురుగా నిలబడింది. చెయ్యి ముక్కు దాకా తీసుకుపోయానో లేదో నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట మనవరాలి మీద కాదు, మట్టిలో కలిసిపోయిన మా మేనత్త మీద. అది చెర్రి సెంటు. ఇప్పుడు సెంట్లలో ఇదే పెద్ద ఫ్యాషనట. ఇంకో విచిత్రం కూడా చెప్పింది మా పిల్ల. అసలు చెర్రి పండుకు చెప్పుకోదగ్గ వాసనే ఉండదట, చేదు బాదం వాసనకు ఇంకేవో తీపి వాసనలు జోడించి దాన్ని చెర్రి అంటారట. లేని వాసనకు పేరు పెట్టి అమ్ముకుంటున్నారన్న మాట. పేరు పెట్టడమనే మాట వింటే నాకు మళ్లీ మా అత్తే గుర్తొచ్చింది.

మన తరం వాళ్లకు చెర్రి అంటే ఏమిటో గుర్తుండే ఉంటుంది. బేకరీ కేకు మీద పెట్టే, మీఠా కిళ్లీకి పుల్లతో గుచ్చి ఇచ్చే ఎర్రటి గుండు, అదే మనకు తెలిసిన చెర్రి. అది వాక్కాయను పంచదార పాకంలో నానబెట్టి రంగేసిందని పెద్దయ్యాక ఎవరో చెబితే నమ్మబుద్ధి కాలేదు. అట్లా అసలు పండు మొహం చూడకుండానే ఆ వాసన మీద మనసు పారేసుకున్న ఆడపిల్లలం మేము. అది మా దగ్గరికి పలకల లారీలో వచ్చింది.

పదో తరగతి తప్పిన ఏడు నన్ను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. తర్లుపాడు పక్కన మా ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి పోతే, సాయంత్రం దాకా పలకలకు చెక్క చట్రాలు బిగించడమే పని. రాతిపొడి జుట్టులోకీ, రవికె కుట్లలోకీ, తినే సంగటిలోకీ వచ్చేది, ఎంత తోమి స్నానం చేసినా తడిసిన బండ వాసన ఒంటిని వదిలేది కాదు. మా మేనమామ పలకల లారీ నడిపేవాడు. ఒకసారి బొంబాయి నుంచి తిరిగొస్తూ వేలెడంత గాజు సీసా తెచ్చి, చెర్రి సెంటంట, అక్కడ గొప్పోళ్లు పూసుకుంటారంట, నీకని తెచ్చినా అని నా చేతిలో పెట్టాడు. లోపల దానిమ్మ గింజల రంగు నీళ్లు.

ఆ వాసనలో ఏముందని ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ముందు చిన్నపిల్లల బిళ్లలాగా తియ్యగా తగులుతుంది, ఇంతేనా అనుకునేలోగా చేదెక్కిన బాదం పలుకు నమిలినట్టు ఒక చిన్న చేదు వస్తుంది, ఆ చేదు కోసం మళ్లీ చెయ్యి ముక్కు దగ్గరికి పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మల్లెపూల వాసన వస్తే ఎవరి తోటలో కోశావని కూలోళ్ల పిల్లను అడిగేవాళ్లు, గంధం వాసన వస్తే ఎవరింటి పెళ్లికి పోయావని అడిగేవాళ్లు. చెర్రి వాసనకు మా ఊళ్లో తోటా లేదు, ఇల్లూ లేదు. అది పూసుకున్నంత సేపు నన్ను అడిగేవాళ్లు ఉండరనిపించేది.

అడిగే మనిషి ఒకతి ఉందని క్రిస్మస్ నాడు తెలిసింది.

మా అత్త సంగతి కొంచెం చెప్పాలి. ఆమె మా నాయనకు అక్క, మా చర్చిలో ఆడవాళ్లకు పెద్దదిక్కు. మా వైపు బిడ్డను ఒళ్లో పెట్టుకుని మొదట పేరు పిలిచే మర్యాద మేనత్తది. నేను పుట్టినప్పుడు ఆమె వాళ్లమ్మ పేరు పెట్టాలని పట్టుబట్టిందట. నాయన మాత్రం బైబిల్లో పరిమళ తైలమనే మాట విని ముచ్చటపడి ఉన్నాడు, అక్క వచ్చేలోపలే నన్ను పరిమళ అని పిలిచేశాడు. ఆ రోజు అలిగిన మనిషి నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఏమే, ఓ పిల్లా, ఇంతే.

ఆ క్రిస్మస్ ఆరాధనలో ఒక పాట ఒంటరిగా పాడమని మా పాస్టరు అయ్యగారు నాకు చెప్పారు. మా అత్తకు తన కూతురు, అంటే మా వదిన, పాడాలని ఉంది. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చాక రోజూ పెరట్లో పాట సాధన చేసి, ఆ రోజు తలస్నానం చేసి, చెర్రి సెంటు మెడకూ చేతులకూ రాసుకుని పోయాను. అయ్యగారు పిలవగానే లేచి ఆడవాళ్ల వరుస దాటుతుంటే మా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందే ఆ వాసన?"

"చెర్రి సెంటత్తా."

"జెర్రి సెంటా? బండ కింద జెర్రుల్ని పిండి పూసుకొచ్చినావా తల్లీ?"

రాయి కదిలిస్తే జెర్రి బయటపడే ఊళ్లు మావి, పలకల పనిలో జెర్రి కుట్టని ఇల్లు లేదు, ఇక నవ్వకుండా ఎవరుంటారు? ఆడవాళ్లంతా నవ్వారు. మా అమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ముందుకు పోయి నిలబడ్డాను గానీ మొదటి చరణంతోనే పాట ఆపేసి వచ్చి కూర్చున్నాను. మిగతా పాట మా వదిన పాడింది. మా అత్తకు చెవుడని మీరు అనుకోవద్దు, ఆమె చెవులు పాము చెవులు. చెర్రి అని శుభ్రంగా వినే జెర్రి అన్నది. నాయన తీసేసుకున్న మర్యాదను నడి చర్చిలో వసూలు చేసుకుంది, నాకు పేరు పెట్టింది.

ఆ పేరు నాకంటే ముందు నడిచింది. ఊళ్లో జెర్రి, బస్సులో జెర్రి, ఫ్యాక్టరీలో జెర్రి. నా పెళ్లిలో అయ్యగారు పరిమళ అని చదవగానే వెనక బెంచీలోంచి, పరిమళ ఎవరబ్బా, జెర్రి గదా అని ఎవరో అన్నారు, మా ఆయన తరఫు వాళ్ల నోటికీ ఆ పేరు అక్కడే అంటుకుంది. నేను చర్చిలో మళ్లీ ఎప్పుడూ ఒంటరిగా పాడలేదు. చచ్చేలోపల మా అత్త నోట పరిమళ అనిపించకపోతే నేను మా నాయన బిడ్డనే కాదనుకున్నాను. ఆ కసి మీదే బతికానంటే మీలో కొందరు నవ్వుకోవచ్చు, కొందరికి మాత్రం సొంత అత్తలూ తోడికోడళ్లూ గుర్తొస్తారు.

పెళ్లయ్యాక మా ఆయనా నేనూ మార్కాపురంలో ఫ్యాన్సీ అంగడి పెట్టుకున్నాం. గాజులు, రిబ్బన్లు, పౌడర్లు, సెంట్లు. చెర్రి సెంటును నేను కావాలనే ముందు వరుసలో, లోపలికి కాలు పెట్టిన మనిషి కళ్లకు ఎదురుగా ఉండేటట్టు పెట్టాను. మా అత్త ఒక పండగ ముందు రానే వచ్చింది. అంగడి నిండా జనం. ఏమే జెర్రీ, మల్లె సెంటుందా అని గుమ్మంలోంచే కేకేసింది. పరిమళ అని పిలువత్తా, ఊరికే ఇస్తా అన్నాను. ఆమె నా మొహం చూసింది, సెంటు వరుస చూసింది, నోరు ముడుచుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత గాజులకు గిద్దలూరు దాకా బస్సెక్కి పోయిందే గానీ నా అంగడి మెట్టెక్కలేదు. ఆమె మొండితనం చూసి లోలోపల మెచ్చుకున్నానేమో కూడా, కానీ కసి తగ్గలేదు.

చివరి రోజుల్లో ఆమె మంచం పట్టి త్రిపురాంతకంలో మా వదిన ఇంట్లో ఉంది. బత్తాయిలు తీసుకుని చూడబోయాను. ప్రేమతో పోయానని రాస్తే అబద్ధం, ఇప్పుడైనా అంటుందేమోనని పోయాను. అప్పటికి ఆమెకు మనుషులు గుర్తు లేరు, కన్న కూతుర్నే ఎవరమ్మా నువ్వు అని అడుగుతోంది. వదిన ఆమెను ఎత్తి కూర్చోబెట్టి, అమ్మా, ఎవరొచ్చినారో చూడు అంది. నా వైపు చాలాసేపు చూసి, బోసి నోటితో నవ్వి, జెర్రి అంది. అమ్మకు గుర్తొచ్చింది, గుర్తొచ్చింది అని మా వదిన సంతోషంతో ఏడ్చింది. నేను పళ్లు కొరుక్కుంటూ బస్సెక్కాను.

ఆమె పోయిన కబురు చెబుతూనే మా వదిన, సెంటు నువ్వే తీసకరా, మీ అంగట్లో మంచిది చూసి అంది. పెట్టెలో పడుకోబెట్టే ముందు స్నానం చేయించి, తెల్లచీర కట్టి, ఒంటిమీద సెంటు చల్లడం మాలో అలవాటు. అందరూ మల్లె సెంటే చల్లుతారు. నేనూ ముందు అదే తీశాను, తీసి మళ్లీ అరలో పెట్టేశాను. చెర్రి సెంటు పెద్ద సీసా సంచిలో వేసుకుని త్రిపురాంతకం పోయి, మా అత్త మెడకూ, చేతులకూ, తెల్లచీర అంచులకూ సీసా ఖాళీ అయ్యేదాకా చల్లాను. ఇప్పుడు చెప్పత్తా, ఎవరు జెర్రి అని మనసులో అడిగాను. గది నిండిపోయింది, వసారా నిండిపోయింది, వీధిలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ల దాకా పోయింది వాసన.

అప్పుడు పెట్టె పక్కన నిలబడి చూశాను, ఎవరు నవ్వుతారా అని. ఆనాడు చర్చిలో నవ్విన ఆడవాళ్లలో బతికి ఉన్నవాళ్లు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. మా వదిన మనవరాలు ముక్కు ఎగబీల్చి, ఏం సెంటు అమ్మమ్మా అంది. చెర్రి అన్నాను, అందరికీ వినపడేటట్టు. చెర్రీనా, నాకు శానా ఇష్టం అంది ఆ పిల్ల. మా వదిన నా చెయ్యి పట్టుకుని, మంచి సెంటు తెచ్చినావు పరిమళా అంది. మా అత్త మనుషుల నోట నా పేరు వినపడడం అదే మొదలు, అయితే అది వినాల్సిన మనిషి పెట్టెలో ఉంది. నా దెబ్బ ఎంత గట్టిదో అర్థం చేసుకోగలిగిన ఒకే ఒక్క మనిషి మీదే నేను దెబ్బ తీశాను.

తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. కానీ ఈ మధ్య పలకలు పట్టే పిల్లలు లేరు, పలక బండల కింద జెర్రుల్ని చూసిన పిల్లలు అసలే లేరు, చెర్రి అంటే జెర్రి అని వినపడే చెవి ఈ ఊళ్లలో ఒక్కటీ మిగల్లేదు. అంగట్లో, చర్చిలో, ఇంట్లో అందరూ నన్ను పరిమళ అనే పిలుస్తున్నారు. నేను కోరుకున్నది అదే, అది దొరికింది, కానీ ఆ పేరు కోసం పోట్లాడిన సంగతి తెలిసిన మనిషి దొరకడం లేదు. ఆదివారం మణికట్టు మీద ఆ సెంటుతోనే మా ఊరి చర్చికి పోయి, మా అత్త కూర్చునే బెంచీ పక్కన కూర్చున్నాను. పాటల మధ్యలో ఒకటి రెండుసార్లు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెనకనుంచి ఏమే జెర్రీ అని ఒక్కసారి వినపడితే బాగుండనిపించింది. వినపడితే మాత్రం, ఈసారి పాట ఆపను.