అన్నిటికన్నా లావు అక్షరం

నా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే మా వసారాలో కాలు పెట్టే చోటుండేది కాదు. విత్తనానికి దాచిన వేరుశనగ కాయల మూటలన్నీ అక్కడికే వచ్చి చేరేవి. తొలి వాన పడేలోగా వాటిని చేత్తోనే వొలవాలి. మిషన్లో వేస్తే గింజ దెబ్బతిని సరిగ్గా మొలవదని మావాళ్ళ భయం. అందుకే పిల్లల వేళ్ళు కూడా ఆ పనికి కావలసి వచ్చేవి. మాది కమలాపురం దగ్గర పల్లె. కాయలు వొలవడంలో నా అంత చురుకు ఎవరికీ లేదని మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, ఊరంతా చెప్పుకునేవాడు. ఆ మెప్పుకు నేను ఉబ్బిపోయేదాన్ని.

ఆ ఏడు నాకు ఐదో తరగతి అయిపోయింది. మా ఊరి బడి అంతవరకే, ఆరుకు కమలాపురం పోవాలి. ఎండాకాలం మొదట్లో బద్వేలు నుంచి మా మేనమామ వచ్చి, నన్ను తీసుకుపోయి వాళ్ళింట్లో పెట్టుకుని చదివిస్తానన్నాడు. జేజినాయన నవ్వి, మా పిల్ల మా దగ్గరే ఉండి చదువుకుంటుందని చెప్పి, కడుపునిండా అన్నం పెట్టించి పంపేశాడు. నాకు సంతోషం పట్టలేదు. మా అమ్మ మాత్రం మామ వెంట బస్సు దాకా పోయి వచ్చింది.

బడిలో ఎప్పుడు చేర్పిస్తావని జేజినాయన వెంట పడ్డాను. నా పోరు పడలేక కాబోలు, ఒకరోజు పక్కింటి అక్కను పిలిపించాడు. ఆ అక్క కమలాపురంలో పది దాకా చదివింది. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలుండే చిన్న డిక్షనరీ ఆమె దగ్గర ఉండేది. అందులో ఏ అక్షరం లావుగా ఉందని అడిగాడు. ముచ్చటకు అడుగుతున్నాడనుకుని అక్క పేజీలు తిప్పి చూసి, ఎస్ అని చెప్పింది.

"ఆ ఎస్సు మాటలన్నీ అర్థాలతో నాకు అప్పజెప్పు పాపా. ఆ దినమే బడిలో చేర్పిస్తా" అన్నాడు జేజినాయన. "నోటితో చదువుకో, చేతుల్తో కాయలు వొలుచు."

ఆ రోజు నుంచి అక్క పుస్తకం పట్టుకుని నా పక్కన కూర్చునేది. సాల్ట్ అంటే ఉప్పు, శాండ్ అంటే ఇసుక, సీడ్ అంటే విత్తనం. స్కార్పియన్ చెప్పుకున్న రోజు మూట కింద నుంచి నిజంగానే తేలు వచ్చింది, ఇద్దరం కెవ్వుమని, తర్వాత పడీపడీ నవ్వాం. స్కిన్ అనే మాట దగ్గరికి వచ్చేసరికి నా వేలికొసల చర్మం లేచిపోయింది. సంగటిలో ఊరుబిండి పచ్చడి కలుపుకుంటే మంట నషాళానికి అంటేది. అయినా ఏ రోజూ పని మానలేదు. ఆ మాటలు పూర్తయితే బడి వస్తుందని నా నమ్మకం.

జేజినాయన మంచం మీద కూర్చుని వినేవాడు. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నేను ఎక్కడైనా తడబడితే చాలు, మళ్ళీ మొదటి నుంచి చెప్పమనేవాడు. చెప్తున్నంతసేపూ ఆయన చూపు వొలిచిన గింజల కుప్ప మీదే ఉండేది. అది నేను అప్పుడు చూశాను గానీ అర్థం చేసుకునే వయసు కాదు. బడి తెరిచారు. మా ఊరి మగపిల్లలు సంచులు తగిలించుకుని మా వసారా ముందు నుంచే పోయేవాళ్ళు. నేను గొంతు పెంచి ఇంకా గట్టిగా చదివేదాన్ని.

తొలి వాన పడింది. విత్తనం మూటలు బండెక్కి చేనికి పోయాయి. అదే రోజు నేను చివరి మాట, సిస్టమ్ అంటే పద్ధతి, నేర్చుకుని చేనికి పరుగెత్తాను. అక్క కూడా నా వెనకే వచ్చింది. ఎస్ అక్షరం అయిపోయిందని, అప్పజెప్తానని రొప్పుతూ చెప్పాను. గట్టు మీద కూర్చున్న జేజినాయన నా తల నిమిరాడు.

"కాయలు అయిపోయినాయి గదా పాపా. ఇంగ మాటలెందుకు?"

బడికి అన్నాను. బడి తెరిచి శానా దినాలైందని, ఇప్పుడు ఎవరు చేర్చుకుంటారని అన్నాడు. అప్పుడు అక్క ముందుకొచ్చింది.

"నేను అడిగొచ్చినా జేజినాయనా. ఇంగా చేర్చుకుంటాండారు."

ఆయన అక్క వైపు చూడలేదు. విత్తనం గొర్రు తోలుతున్న మనిషిని చూస్తూ, నేను బడికి పోతే కలుపు ఎవరు తీస్తారని అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. అక్క నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. దారంతా తనే ఏడ్చింది, అక్షరం పేరు చెప్పింది తనే కదా అని. ఆ వారమే మా అమ్మ మామకు కబురు పంపింది. నేను రానని తెలిసి, వాళ్ళు అత్త వైపు పిల్లను అప్పటికే తెచ్చి పెట్టుకున్నారట.

జేజినాయన పోయి చాలా ఏళ్ళయింది. మంచి మనిషని ఇప్పటికీ ఊళ్ళో అంటారు. నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క మాట తిట్టలేదు. అయినా ఆయన మీద నా కోపం చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడం కూడా లేదు. ఆ మాటల్లో సగం ఇప్పటికీ నా నోట ఉన్నాయి. కడపలో ఆసుపత్రికి పోయినప్పుడు బోర్డు మీద ఎస్ తో మొదలయ్యే మాట కనిపిస్తే అర్థం చెప్పగలను. ఆ పక్క మాట ఏమిటో తెలియదు.

పిల్లలెవరైనా నా దగ్గరికొచ్చి ఏదైనా అడిగితే, అవుననో కాదనో అప్పటికప్పుడే చెప్పేస్తాను. ఇది చేస్తే ఇస్తా, అది తెస్తే చూస్తా అనను. కాదంటే ఏడుస్తారు, తిట్టుకుంటారు, లేచి ఇంకో దారి వెతుక్కుంటారు. జేజినాయన మొదటి రోజే నా చదువుకు కాదని ఉంటే, నేను మా మామతో బద్వేలు బస్సెక్కి ఉండేదాన్ని.