డేట్లు లేని పొట్టేలు

జూబ్లీహిల్స్‌లో నా క్లినిక్‌కి వచ్చేవన్నీ ఏసీ గదుల్లో పడుకునే కుక్కలే. వాటి జలుబుకి మందెందుకు, ఏసీ కట్టేయండి చాలు అని యజమానుల ముఖానే చెప్పేదాన్ని. నాకు అసలు పనంటే షేక్‌పేట పెద్దమ్మ గొర్రెల మందే. ఐటీ కంపెనీల అద్దాల మేడలు లేచి మేత బీళ్లు తరిగిపోతున్నా, ఆవిడ మందని వదల్లేదు.

ఆ యేడు మృగశిర కార్తెకి ముందు కబురు పెట్టింది. అంతకు ముందేడు సగానికి పైగా గొర్రెలు చూడి కట్టలేదు. ఈసారీ అంతే అయితే మంద అమ్మేస్తానని, కంపెనీకి కారు నడిపే కొడుకు తెగేసి చెప్పాడట. మంద పోతే ఆవిడకి వేరే బతుకు తెలియదు.

విత్తనపు పొట్టేలు ఒక్కటే ఉంది. మెలితిరిగిన కొమ్ములు, నిగనిగలాడే ఒళ్లు. ఫిల్మ్‌నగర్‌లో షూటింగులకి కిరాయికి వెళ్లేది. పెద్దమ్మ దాన్ని 'వాడు' అనేది.

"మా హీరోను చూసుడేంది డాక్టరమ్మా! గొర్రెలను చూడు. పోయినేడు వాడు ఒక్కదాన్ని గూడ ఇడువలే, నా కండ్లతోని చూసిన!"

"ఎక్కడం వేరు, చూడి కట్టించడం వేరు పెద్దమ్మా. గట్టిగా పట్టుకో."

కళ్లు, పళ్లు, గిట్టలు బాగున్నాయి. వెన్ను మీద చెయ్యేస్తే ఎముక తగలనంత కొవ్వు. వెనక నుంచి వృషణాలు పట్టి చూశాను. పచ్చి జామకాయలా గట్టిగా ఉండాల్సినవి మగ్గిన సపోటాల్లా ఉన్నాయి.

"ఎండాకాలం ఎక్కడున్నాడు వీడు?"

"షూటింగుల. మఖ్మల్ బట్ట కప్పి, గంత పెద్ద లైట్ల కింద నిలవెట్టిండ్రు. పోయినేడు గూడ గంతే."

దొంగ దొరికాడు.

"ఆ వేడికే విత్తనం చచ్చింది. పైన పటారం, లోన లొటారం," అన్నాను.

ఆవిడకి రోషం వచ్చింది. "నోరు మంచిగుంచుకో డాక్టరమ్మా!" అని, అంతలోనే కళ్లు తుడుచుకుంది. "ఇగ నా మంద పాయెనా?"

"ఎందుకు పోతుంది? గడ్డ లేదు, రోగం లేదు. రెండు నెలలు నీడ, పచ్చి మేత. షూటింగు మాటెత్తావంటే మాత్రం మళ్లీ ఈ గడప తొక్కను."

ఇంతలో సినిమా వాళ్ల వ్యాను రానే వచ్చింది. కొడుకు ఇంట్లోంచి గబగబా వచ్చి పొట్టేలు తాడు విప్పాడు. పెద్దమ్మ ఆ తాడు లాక్కుంది.

"మావోనికి డేట్లు లెవ్వు. వానలు పడ్డంక కాపురం చెయ్యాలె. పోండ్రి!"

శ్రావణంలో మళ్లీ పట్టి చూశాను. అచ్చం జామకాయలే. నా చెయ్యి పొరబడదు. "ఇక మందలోకి వదులు," అన్నాను.

చలికాలంలో ఒక పొద్దున ఆ కొడుకే, మెడలో కంపెనీ కార్డుతో, కుక్కల వరుసని తోసుకుంటూ నా గదిలోకి వచ్చేశాడు. చొక్కా లోపల ఒళ్లు తడారని గొర్రెపిల్ల. బల్ల మీదున్న కుక్కని దింపమన్నాను.

"మస్తు పిల్లలు పుట్టినయ్ మేడం. అన్ని మంచిగున్నయ్, గిదొక్కటే పాలు తాగుతలేదు."

బయట అతని కారు హారన్ ఆగకుండా మోగుతోంది.

"ఎవరది?"

"కంపెనీ సార్లు. ఆఫీసుకు లేటయితుందంట," అన్నాడు, పిల్లని బల్ల మీద పడుకోబెడుతూ. "కూసోనియ్యుండ్రి. జర ముందు దీన్ని చూడుండ్రి."