గడ్డిదూడ

లాల్‌దర్వాజా సందులో పాలమ్మే బాలమ్మ పొద్దున్నే రవికెలో ఎడమవైపు పాతగుడ్డ ఉండ సర్దుకుంటుంది. కణితితో పాటు ఆ రొమ్మును నిరుడు తీసేశారు. తర్వాత, చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కిన బొమ్మను బర్రె ముందు నిలబెడుతుంది. బర్రె దాన్ని నాకుతూ పాలు చేపుతుంది. "నీ ఒంట్లో హార్మోనే ఆ కణితికి మేత. కణితి మళ్లీ రాకుండా, కణాల్లోని రిసెప్టర్లలో హార్మోన్ కూర్చునే చోట ఈ మాత్ర కూర్చుంటుంది" అని డాక్టరమ్మ చెప్పినప్పుడు బాలమ్మకు వెంటనే అర్థమైంది.

"గడ్డిదూడ లెక్కనే గదమ్మా! మరి ఆ కణితి ఎన్నొద్దులు నమ్ముతది?"

"చాలామందిలో ఏళ్లకేళ్లు పనిచేస్తుంది" అంది డాక్టరమ్మ. ఈ పొద్దు మాత్రం బర్రె గడ్డిదూడను వాసన చూసి మొహం తిప్పుకుంది. చెంబులో చుక్క పడలేదు. బాలమ్మ గడ్డిదూడను మళ్లీ దాని మూతి దగ్గరికి జరిపి, "ఇంకొక్కపారి నమ్మరాదే తల్లీ" అంటూ, కొంగుముడిలోని మాత్ర తీసి నోట్లో వేసుకుంది.