తోడికోడలి కిమ్చిని ఓడించడానికి బెంగళూరు వెళ్ళిన రోజు

ఈ ప్రయాణానికి కారణం కుళ్ళు. మర్యాదగా అసూయ అని రాయొచ్చు గానీ, నాకు పుట్టింది మాత్రం అచ్చమైన కుళ్ళే. మాది కృష్ణగిరి. మామిడి తోట ఉంది, వ్యాపారమూ అదే. మా కుటుంబంలో ఎవరింట్లో ఊరగాయ పెట్టినా ఉప్పు నేనే వెయ్యాలి. మా అత్త ఆ పని నాకు అప్పగించి ఇరవై ఏళ్ళు దాటింది. నా చేతి ఉప్పు పడితే ఊరగాయకు బూజు రాదని పేరు. హోసూరులో ఉండే నా తోడికోడలు భారతి కూడా ముక్కలు కోసి, కారం సిద్ధం చేసుకుని, నేను బస్సు దిగేదాకా కాచుకుని కూర్చుంటుంది. అలాంటి భారతి, వాళ్ళ మేడ మీద అద్దెకున్న కొరియా ఆవిడ దగ్గర కిమ్చి నేర్చుకుంది, అంటే క్యాబేజీ ఆకుతో వాళ్ళు పెట్టే పుల్లటి ఊరగాయ. మా అమ్మాయి దివ్య అక్కడే ఉండి కాలేజీకి వెళ్తోంది. ఒకరోజు ఫోన్లో, "అమ్మా, పిన్నమ్మ కిమ్చి ముందర నీ ఊరగాయ కూడా నిలబడదు మా" అంది. "ఉప్పెవరేసినారు?" అని అడిగాను. "పిన్నమ్మే! ఇంకెవరేస్తారు?" అంది. ఆ మాటకి ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

పైగా దివ్య పుట్టినరోజు ఆదివారం వచ్చింది. పిన్నమ్మ చేత కొరియా భోజనం చేయించుకుంటానంది. కన్నది నేను, పండగ ఆవిడ ఇంట్లోనా? అంత పెద్ద బెంగళూరులో భారతిని మించి వండేవాళ్ళు ఒక్కరైనా ఉండరా అనిపించింది. "పుట్టినరోజు భోజనం నాది, బెంగళూరులో" అని తేల్చి చెప్పేశాను. దివ్య నోటితో "ఇది పిన్నమ్మ చేసినదానికంటే బాగుంది" అనిపించుకుని రావాలి. నాకు కావలసింది అంతే.

ఆదివారం పొద్దున ఎనిమిది దాటాక కృష్ణగిరిలో బస్సెక్కాను. హోసూరుకి గంటా పావు పట్టింది. బస్టాండులో దివ్యతో పాటు భారతి కూడా నిలబడి ఉంది, చేతిలో స్టీలు డబ్బాతో. "అక్కా, కొంచెం కిమ్చి పెట్టినాను, దోవలో తినండి" అంది. "వద్దులే, మేము హోటల్‌కే కదా పోతాండేది" అన్నాను. ఆవిడ నవ్వి డబ్బాను దివ్య సంచిలో పెట్టేసింది. "బాగుండే చోటు దొరికితే నాకూ చెప్పక్కా, ఒకసారి పోయొస్తాను" అంది. పోటీకి వచ్చినవాళ్ళతో పోట్లాడొచ్చు, ఇలా నవ్వేవాళ్ళతో ఏం చేస్తాం? నువ్వూ రా అని ఒక్క మాట అనలేదు నేను. బెంగళూరు బస్సు అత్తిబెలె దాటేదాకా అది మనసులో కాస్త గుచ్చుకుంది, తర్వాత సర్దుకుంది.

ఆదివారం కాబట్టి సిల్క్‌బోర్డుకు గంటలోనే చేరాం. మామూలు రోజుల్లో అయితే దానికి రెట్టింపు పెట్టుకోండి. అక్కణ్ణుంచి ఆటోలో ఒక పెద్ద మాల్‌కు వెళ్ళాం. పై అంతస్తులో కొరియా హోటల్, గోడల నిండా సినిమా కుర్రాళ్ళ బొమ్మలు. దివ్య కళ్ళు మెరిశాయి, నాకూ ఆశ పుట్టింది. తీరా కిమ్చి అని తెచ్చింది చూస్తే పచ్చి క్యాబేజీ ముక్కలకి టమోటా సాసు పూసినట్టుంది. పులుపు లేదు, పైగా తీపి! ఆ కిమ్చికీ ఒక గిన్నెడు నూడుల్స్‌కీ కలిపి ఏడొందలు పైనే అయింది. "పిన్నమ్మ దీన్ని చూస్తే ఏడుస్తాది మా" అంది దివ్య. ఇక్కడ కూడా పిన్నమ్మే!

రెండోది ఇంకా పెద్దది. బల్ల మధ్యలోనే నిప్పులు పెట్టి మాంసం కాల్చుకునే ఏర్పాటు ఉంది. ఏ మాంసమో ముందే అడిగి, కోడి మాత్రమే చెప్పాం. మీరూ అడగండి, మొహమాటపడొద్దు. కోడి బాగానే కాలింది. కిమ్చి మాత్రం పాకెట్టు విప్పి పోసింది, మెత్తబడిపోయి, నీళ్ళలో నానిన గుడ్డలా ఉంది. వడ్డించే అతన్ని "ఏమప్పా, ఇది ఈడ చేసిందేనా?" అంటే, "లేదు మేడం, డబ్బాల్లో వస్తాది" అన్నాడు పాపం, అబద్ధం చెప్పకుండా. మధ్యాహ్నం రెండు కావొస్తోంది. అమ్మాయి సగం ఆకలితోనే ఉంది. పుట్టినరోజు పూట పిల్లని ఊరంతా తిప్పుతున్నానని నాకే సిగ్గేసింది, అయినా వదల్లేదు.

బయట ఆటో అతను ముళబాగిలు వాడు, చక్కటి తెలుగు. "అన్నా, కొరియా వాళ్ళే పోయి తినే హోటల్ యాడుంది?" అని అడిగాను. "వాళ్ళు ఇట్లాటి మెరుపులకి రారమ్మా. కమ్మనహళ్ళి పక్క ఒక సందుండాది. బోర్డు కూడా మనకి చదవను రాదు. ఆదివారం ఆడికే కుటుంబాలతో వస్తారు" అన్నాడు. మూడొందలకు ఒప్పుకుని ఎక్కాం.

అది ఒక ఇంటి కింది భాగం. ఎనిమిది బల్లలుంటాయేమో, ఆరింటి మీద కొరియా వాళ్ళే. వంటింటి గడప దగ్గర అరవై దాటిన కొరియా ఆవిడ నిలబడి అన్నీ చూస్తోంది. కూర్చోగానే అడక్కుండానే చిన్న చిన్న గిన్నెల్లో కూరలు, కిమ్చి పెట్టారు. అయిపోతే మళ్ళీ పెడతారు, దానికి డబ్బు లేదు. సోయాగింజల ముద్ద వేసి కాచిన పులుసు ఉడుకుతూనే వచ్చింది. నేను కిమ్చి నోట్లో పెట్టుకున్నాను. ఆకు కరకరలాడింది, పులుపు నాలుక అంచున ఆగింది, ఉప్పు లోపలిదాకా పట్టింది. దొరికింది రా దేవుడా అనుకున్నాను. దివ్య వైపు చూశాను. అది కళ్ళు మూసుకుని నమిలి, మనసారా నవ్వి, "అమ్మా, అచ్చం పిన్నమ్మ చేసినట్టే ఉండాది!" అంది.

నేను నీళ్ళు తాగాను. ఈలోపు ఆ మహాతల్లి సంచిలోంచి డబ్బా తీసి మూత విప్పింది, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామని! వాసన గడప దాకా వెళ్ళింది. కొరియా ఆవిడ నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చింది. బయటి తిండి తెచ్చారని తిడుతుందనుకున్నాను. ఆవిడ చాప్‌స్టిక్స్‌తో ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలింది. ఇంకో ముక్క తీసింది. తర్వాత నన్ను చూసి ఇంగ్లీషులో ఏదో అడిగింది. దివ్య నావైపు తిరిగి, "ఉప్పు సరిగ్గా పట్టిందంట. ఇది నువ్వే చేసినావా అంటాండాది మా" అంది.

ఒక్క తల ఊపు చాలు. ఇరవై ఏళ్ళుగా ఉప్పు గురించి ఎవరు మెచ్చుకున్నా ఆ మెప్పు నాదే కదా, మెడ దానంతటదే కదిలింది. "మా ఇంట్లో చేసిందే" అన్నాను ముందు. దివ్య ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చలేదు. నన్నే చూస్తూ కూర్చుంది. "మా తోడికోడలు చేసింది. ఉప్పు కూడా ఆమే వేసింది. అట్లే చెప్పు" అన్నాను. చెప్పేశాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, తన కిమ్చి ఒక డబ్బాలో పెట్టి, భారతికి ఇమ్మని తెచ్చిచ్చింది. నాకు కాదు, భారతికి!

హోసూరులో దిగేసరికి పొద్దు వాలింది. భారతి బస్టాండులోనే ఉంది. "దొరికినారా అక్కా, నాకంటే బాగా చేసేవాళ్ళు?" అంది. అంటే అంతా తెలిసే పొద్దున నవ్విందన్నమాట! డబ్బా చేతికిచ్చి, జరిగింది చెప్పి, "ఇంకేం మా, ఈ తూరి ఊరగాయకి కూడా ఉప్పు నువ్వే వేసుకో" అన్నాను. ఎత్తిపొడుద్దామనే అన్నాను. భారతి ముఖం వాడిపోయింది. "యాలక్కా అట్లంటావు? ఆ రోజు ఉప్పు ఎంతెయ్యాల్నో నాకు తోచలేదు తెల్సా? నువ్వు దగ్గర లేవు కదా. నువ్వు గుప్పిట్లో పట్టేది తలుచుకోని వేసినాను" అంది.

ఇప్పుడు చెప్పండి, ఆ కిమ్చిలో ఉప్పు ఎవరిది? నాదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. కానీ గుప్పిలి నాదైనా చెయ్యి ఆవిడది, నోట్లో కరకరలాడింది ఆవిడ కిమ్చి. కుళ్ళు పోయిందని అబద్ధం రాయను. వచ్చేవారం హోసూరు వెళ్తున్నాను, నేర్చుకోవడానికి. ఉప్పు తనే వేస్తుంది, నేను పక్కన కూర్చుని చూస్తాను. చూడగలనో లేదో!

మీరు వెళ్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఏ కొరియా హోటల్లోనైనా ముందు కిమ్చి ఒక్కటే అడగండి, అది ఇక్కడ చేసిందో పాకెట్టుదో కూడా అడగండి, నచ్చకపోతే ఇంకేదీ చెప్పకుండా లేచి వచ్చేయండి. శాకాహారులైతే అందులో చేపల రసం కలిపారేమో ముందే కనుక్కోండి. ఇక మీ తోడికోడలు ఇచ్చిన డబ్బా మాత్రం, నా మాట విని, బస్టాండులోనే తిరిగి ఇచ్చేయండి.